మాంచెస్టరు కౌంటీ కోర్టు – దాని చరిత్ర, దస్తరములు

న్యాయస్థానమనగానే మనకు స్ఫురించునవి హత్యానేరములు, కఠినశిక్షలు, మహావక్తలైన న్యాయవాదుల వాదోపవాదములు. పత్రికలలో పెద్ద శీర్షికల కెక్కునవియు అవియే. కాని సామాన్య గృహస్థుడు తన జీవితములో ఎన్నడైన కోర్టు గడప తొక్కవలసి వచ్చినచో, అది తరచుగా ఏదో చిన్న బాకీని గురించియే యగును: దర్జీకి రావలసిన కుట్టుకూలి, కిరాణా దుకాణములో పేరుకొన్న పద్దు, ఇంటి అద్దె బకాయి. ఇట్టి తగవులను తీర్చుటకై ఇంగ్లండులో 19వ శతాబ్దిలో ఏర్పడిన న్యాయస్థానములకు కౌంటీ కోర్టులని పేరు. వానిలో నొకటియగు మాంచెస్టరు కౌంటీ కోర్టు చరిత్రను గూర్చియు, అట్టి కోర్టులు వ్రాసి యుంచిన దస్తరముల విలువను గూర్చియు ఇప్పుడు కొంత ముచ్చటించెదను.

కౌంటీ యనగా ఇంగ్లండులో మన జిల్లా వంటి విభాగము. పూర్వకాలమున ప్రతి కౌంటీకిని షెరిఫ్ అను రాజోద్యోగి నిర్వహించు న్యాయసభ యొకటి యుండెడిది. కాలక్రమమున దాని యధికారము 40 షిల్లింగులకు, అనగా 2 పౌనులకు, లోబడిన వ్యాజ్యములకు పరిమితమై పోయెను. 13వ శతాబ్దిలో రెండు పౌనులు పెద్ద మొత్తమే. 18వ శతాబ్ది నాటికి ఆ విలువ అడుగంటినది. అంతకు మించిన బాకీని రాబట్టుకొనగోరువాడు లండనులోని వెస్ట్‌మినిస్టరు న్యాయస్థానములలో వ్యవహారము ప్రారంభించి, న్యాయమూర్తులు సంచారము మీద తన ప్రాంతమునకు వచ్చువరకు వేచియుండ వలసి వచ్చెడిది. పది పౌనుల బాకీకి అంతకు మించిన ఖర్చు. ఓడినవాడు కోర్టులో ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చెను అను మన సామెత ఆనాటి ఇంగ్లండునకు చక్కగా అతుకును.

ఈ చిక్కును తప్పించుకొనుటకై కొన్ని పట్టణములు పార్లమెంటుచేత ప్రత్యేక చట్టములు చేయించుకొని, చిన్న బాకీల కోర్టులను నెలకొల్పుకొన్నవి. వానికి "కోర్ట్ ఆఫ్ రిక్వెస్ట్స్" అని పేరు. వానిలో కూర్చుండి తీర్పు చెప్పువారు చాలవరకు స్థానిక వర్తకులు. న్యాయశాస్త్రము నభ్యసించినవారు కారు. ఒక ఊరి పద్ధతి మరియొక ఊరిలో చెల్లదు. ఒక ఊరిలో అట్టి కోర్టు ఉండును. ప్రక్క ఊరిలో ఉండదు.

ఈ దుస్థితిని సంస్కరింప వలెనని పట్టుబట్టినవారిలో ముఖ్యుడు హెన్రీ బ్రూహాం. ఇతడు 1828 ఫిబ్రవరిలో కామన్సు సభలో న్యాయసంస్కరణమును గూర్చి ఆరు గంటల సేపు ప్రసంగించెను. తరువాత తాను లార్డ్ ఛాన్సలరుగా నున్న కాలమున స్థానిక న్యాయస్థానముల బిల్లును తెచ్చెను గాని, 1833లో ప్రభువుల సభ దానిని త్రోసిపుచ్చినది. మరి పదమూడేండ్లకు, 1846లో, చిన్న బాకీలను సులభముగా రాబట్టుటకై ఒక చట్టము అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి 1847 నుండి దేశమంతటను సుమారు 500 కౌంటీ కోర్టులు పని నారంభించినవి. వానిని 60 సర్క్యూట్లుగా కూర్చి, ఒక్కొక్క సర్క్యూటునకు ఒక న్యాయాధిపతిని నియమించిరి. న్యాయాధిపతి ఊరూర తిరిగి కచేరీ జరుపవలెను. వాది లండనుకు పోనక్కరలేదు. న్యాయమే అతని ఊరికి వచ్చును.

ఆ చట్టములోని కొన్ని ఏర్పాట్లు గమనింప దగినవి. మొదట ఈ కోర్టులకు 20 పౌనుల వరకే అధికార ముండెను. 1850లో దానిని 50 పౌనులకు పెంచిరి. వాది, ప్రతివాదులు స్వయముగా సాక్ష్యము చెప్పుకొనవచ్చును. ఇది ఆనాడు పై కోర్టులలో లేని సంగతి. తన వ్యాజ్యములో తనకు స్వార్థ మున్నది గనుక కక్షిదారుడు నిజము చెప్పడను భావముతో పై కోర్టులు అతని నోటికి తాళము వేసి యుంచెడివి. ఆ తాళము అక్కడ ఊడినది 1851లోనే. పై కోర్టులకంటె ముందే సామాన్యుని మాటను విన్నది ఈ చిన్న కోర్టు. జప్తు విషయమునను చట్టము ఒక మేర గీచినది: బాకీదారుని కట్టుబట్టలు, పడక, వృత్తికి కావలసిన పనిముట్లు 5 పౌనుల విలువ వరకు తాకరాదు.

అన్నిటికంటె మన ప్రస్తుత విషయమునకు ముఖ్యమైన నిబంధన మరొకటి కలదు. కోర్టు గుమాస్తా ప్రతి దావాను, ప్రతి సమనును, ప్రతి ఉత్తరువును, తీర్పును, అమలు చర్యను పుస్తకములో స్పష్టముగా వ్రాసి యుంచవలెనని చట్టమే శాసించినది. ఆ ఒక్క నిబంధన వలన ఊరూర చిన్న మనుష్యుల చిన్న తగవులు లిఖితరూపమున నిలువసాగినవి.

ఇక మాంచెస్టరుకు వత్తము. ప్రత్తి మిల్లులతో ప్రపంచ ప్రసిద్ధి గాంచిన ఆ నగరములో క్వే వీథి యని యొకటి కలదు. ఆ వీథిలో 1770 ప్రాంతములలో బైరం కుటుంబము కొరకు కట్టిన ఒక ఇటుకల మేడ ఉన్నది. తరువాత అందు రిచర్డ్ కాబ్డెను నివసించెను. దిగుమతి ధాన్యము మీద సుంకము విధించి రొట్టె ధరను పెంచుచుండిన చట్టములను రద్దు చేయింప పోరాడిన నాయకు డితడే. ఆ చట్టములు రద్దయినది 1846లో. అదే సంవత్సరమున జాన్ ఓవెన్సు అను మాంచెస్టరు వర్తకుడు మరణించుచు, మతభేదము పాటింపని కళాశాల యొకటి స్థాపించుటకై లక్ష పౌనులకు కొంచెము తక్కువైన సొమ్మును వ్రాసి పోయెను. అదే సంవత్సరమున కౌంటీ కోర్టుల చట్టము పుట్టెను. ఈ మూడును తుదకు ఒకే కప్పు క్రిందికి వచ్చినవి.

కాబ్డెను విడిచిన మేడలో 1851లో ఓవెన్సు కళాశాల తెరువబడినది. ఫ్రాంక్లండు, రాస్కో వంటి రసాయన శాస్త్రజ్ఞులును, జెవన్సు వంటి అర్థశాస్త్రజ్ఞుడును అక్కడ బోధించిరి. తరువాతి కాలమున ఎలక్ట్రానును కనుగొనిన జె. జె. థాంసను 1870లో, పదునాలుగేండ్ల ప్రాయమున, ఆ కళాశాలలోనే చేరెను. నేటి మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు అదియే మూలము. 1873లో కళాశాల విశాలమైన క్రొత్త భవనములకు తరలిపోయినది. 1878లో ఆ మేడ కౌంటీ కోర్టు అయినది. నూట పండ్రెండేండ్ల పాటు, 1990 వరకు, అది కోర్టుగనే యుండెను.

ఈ మేడలో ఒక దావా ఎట్లు నడిచెడిదో ఊహింతము. మిల్లు కూలి కుటుంబ మొకటి కలదను కొందము. వీథి వెంట తిరిగి కంతుల మీద బట్టలమ్ము వర్తకుడు, భర్త పనికి పోయిన వేళ వచ్చి, భార్యకు దుప్పట్లు అంటగట్టును. నాలుగు కంతులు చెల్లును, అయిదవది నిలిచిపోవును. వర్తకుడు కోర్టులో దావా దాఖలు చేయును. దానికొక సంఖ్య పడును. అమీనా సమను తెచ్చి ఇచ్చును. వాయిదా నాడు భర్త పని మానుకొని వచ్చినచో ఆనాటి కూలి పోవును. కావున న్యాయాధిపతి అనుమతించినచో అతని బదులు భార్య వచ్చి చెప్పుకొనవచ్చును. పెక్కు మారులు ఎవరును రారు. వర్తకుని పక్షమున తీర్పగును. వారమునకో నెలకో ఇంత యని కంతు కట్టుదురు. అదియు తప్పినచో సామాను జప్తు. జప్తు చేయ దగిన సామాను లేనిచో మరియొక సమను. దాని చివర జైలు.

ఇచ్చటనే ఈ కోర్టు చరిత్రలోని చేదు నిజ మున్నది. ఇంగ్లండులో బాకీకై చెరసాలలో వేయు పద్ధతిని 1869 చట్టము రద్దు చేసినదని చెప్పుదురు. కాని ఆ చట్టములోనే ఒక సందు ఉండెను: చెల్లించు శక్తి యుండియు చెల్లింపని వానిని ఆరు వారముల వరకు జైలులో నుంచవచ్చును. శక్తి యుండుట యనగా నేమి? వారము వారము కూలి వచ్చుచున్నది గదా యన్న మాట చాలుచుండెను. ఇంటిలో ఎందరు బిడ్డలు, ఎవరికి జబ్బు అను ప్రశ్నలకు చాల కచేరీలలో తీరిక తక్కువ. ఏటా వేలమంది ఈ సందులోనుండి జైలుకు పోయిరి. జైలుకు పోయి వచ్చినను బాకీ తీరినట్లు కాదు. అది అట్లే నిలిచి యుండును. వేల పౌనులు బాకీపడిన వ్యాపారి దివాలా చట్టము నాశ్రయించి విముక్తుడు కావచ్చును. రెండు పౌనులు బాకీపడిన కూలివానికి ఆ దారి దొరకుట కష్టము. 1883లో, మొత్తము బాకీలు 50 పౌనులకు మించని వానికి కోర్టు ద్వారా కంతులు కుదుర్చు ఏర్పాటు చేసిరి గాని, జైలు సందు మాత్రము మూయబడలేదు.

ఈ అన్యాయమును కోర్టు పీఠము మీదనుండియే చూచి, లోకమునకు చెప్పిన న్యాయాధిపతి ఒకడు మాంచెస్టరులోనే యుండెను. అతడు ఎడ్వర్డ్ ఆబట్ పారీ. 1894లో అక్కడి కౌంటీ కోర్టు న్యాయాధిపతిగా నియమితుడై, 1911 వరకు పని చేసి, తరువాత లండనులోని లాంబెత్ కోర్టుకు మారెను. పిల్లల కథలు వ్రాసిన సరసుడు. 1898 జూలైలో, తాను లైసెన్సు రద్దు చేసిన ఒక అమీనా నిండు కచేరీలో పిస్తోలుతో కాల్చగా తీవ్రముగా గాయపడి, కోలుకొని, తిరిగి అదే పీఠ మధిష్ఠించెను. మాంచెస్టరు అనుభవములను 1912లో ఒక గ్రంథముగా వెలువరించెను. 1914లో చట్టమునకును బీదలకును గల సంబంధమును గూర్చి మరియొక గ్రంథము ప్రకటించెను.

పారీ వాదము సులభగ్రాహ్యము. బాకీ వసూలునకు జైలు భయ మున్నంత కాలము వర్తకుడు వెనుకముందు చూడక అప్పిచ్చును. తాహతు లేనివారికి అక్కరలేని వస్తువుల నంటగట్టును. జైలు తొలగించినచో అప్పిచ్చువాడే జాగ్రత్త పడును. అప్పులేనిచో బీదవాడు ఆకలితో చచ్చునని ప్రతిపక్షులు వాదించిరి. ఈ వాదోపవాదములు ఒక తరములో తేలలేదు. పారీ 1943లో మరణించెను. సాధారణ బాకీలకు జైలు తొలగినది 1970 నాటి చట్టముతో.

ఇంత మాత్రమున కౌంటీ కోర్టు బీదలకు శత్రువని తీర్మానించుట సరి కాదు. 1897లో చేయబడి 1898 జూలై నుండి అమలైన కార్మిక నష్టపరిహార చట్టము ఈ కోర్టుల తీరును కొంత మార్చినది. రైళ్ళలో, గనులలో, మిల్లులలో పనిచేయుచు గాయపడిన కార్మికుడు, యజమాని నిర్లక్ష్యమును రుజువు చేయనక్కరలేకయే, వారమునకు సగము కూలి వరకు, 1 పౌనుకు మించకుండ, పరిహారము పొందవచ్చును. మరణించినచో అతని మీద ఆధారపడిన వారికి మూడేండ్ల కూలికి సమానమైన సొమ్ము. అది 150 పౌనులకు తగ్గరాదు, 300 పౌనులకు మించరాదు. తగవు వచ్చినచో తీర్చువాడు కౌంటీ కోర్టు న్యాయాధిపతి. నిన్న బాకీదారుగా వచ్చి తల వంచుకొని నిలిచిన కూలివాడు నేడు వాదిగా అదే మెట్లెక్కగలిగెను. 1906లో ఈ హక్కు ఇంచుమించు అన్ని వృత్తుల వారికిని విస్తరించినది. 1948లో జాతీయ బీమా పథకము వచ్చువరకు ఈ పద్ధతి సాగినది.

ఇప్పుడు దస్తరముల మాట. ఇట్టి కోర్టులు ఉంచిన పుస్తకములు పెక్కు రకములు: దావాల చిట్టాలు, కచేరీ నడక వ్రాసిన మినిట్ పుస్తకములు, సొమ్ము జమాఖర్చుల లెడ్జర్లు, జైలు సమనుల రిజిస్టరులు, దివాలా దస్త్రములు, కార్మిక పరిహారపు రిజిస్టరులు. ఇవిగాక కోర్టు తీర్పుల జాబితా యొకటి 1852 నుండి లండనులో కేంద్రీకృతముగా ఉంచబడుచు వచ్చినది. ఎవరెవరి మీద బాకీ తీర్పులున్నవో చూచుకొని వర్తకులు అప్పిచ్చెడివారు. ఆ జాబితా 1985 నుండి ఒక ప్రత్యేక సంస్థ చేతిలో నేటికిని నడచుచున్నది.

1958 నాటి చట్టము ననుసరించి కోర్టుల దస్తరములు ప్రభుత్వ పత్రములు. వానిలో భద్రపరుప దగినవానిని ఏరి, సాధారణముగా ఆయా ప్రాంతముల దస్తరాగారములకు చేర్చుదురు. తక్కినవి నాశనమగును. కౌంటీ కోర్టుల విషయమున నాశనమైనవే ఎక్కువ. కారణము తెలియనిది కాదు. ఏటా వేల దావాలు; ఒక్కొక్కటి రెండు మూడు పౌనులది; గదులు నిండిపోవును. పెద్ద కేసుల కాగితములను దాచవలెనని ఎవరికైనను తోచును. కుట్టుకూలి దావాల పుస్తకమును ఎందుకు దాచవలెను?

దాచవలసిన కారణము లున్నవి. బీదవాడు వీలునామా వ్రాయడు; దినచర్య వ్రాయడు; అతని ఉత్తరములను ఎవరును భద్రపరుపరు. పుట్టుక, వివాహము, మరణము – ఈ మూడింటి నడుమ అతని పేరు కాగితము మీదికి వచ్చు తావులు బహు తక్కువ. వానిలో కౌంటీ కోర్టు పుస్తక మొకటి. ఆ పంక్తిలో అతని పేరు, ఎవరికి బాకీ, ఎంత సొమ్ము, ఎంత కంతు అనునవి యుండును. ఒక్క పంక్తి ఏమియు చెప్పదు. ఒక సంవత్సరపు పంక్తులన్నియు వరుసగా చదివినచో ఏ నెలలో పనులు మందగించెనో, ఏ వీథివారు ఏ వస్తువులకు అప్పుపడిరో, ఏ వర్తకుడు వందలమంది మీద దావాలు వేసెనో తెలియవచ్చును. జైలు సమనుల రిజిస్టరును దాని ప్రక్కన పెట్టి చూచినచో, చట్టము కాగితము మీద రద్దు చేసిన శిక్ష వాడుకలో ఎట్లు బ్రదికినదో లెక్కతో సహా కనబడును.

అయితే ఆ పుస్తకములకు ఒక లోప మున్నది. అవి ఫలితమును చెప్పును గాని కథను చెప్పవు. మిల్లు కూలి భార్య న్యాయాధిపతి యెదుట నేమని మొరపెట్టుకొనెనో గుమాస్తా వ్రాయలేదు. వ్రాయు మని చట్టము కోరలేదు. ఆ మాటలను కొంతవరకైనను మనకు అందించినవి స్థానిక పత్రికల కోర్టు వార్తలు, పారీ వంటివారి జ్ఞాపకములు. కావున చరిత్రకారుడు రిజిస్టరును, పత్రికను, గ్రంథమును కలిపి చదువవలెను.

ఈ ముచ్చటతో మనకు సంబంధము లేకపోలేదు. ఇంగ్లండులో ఈ కోర్టులు నెలకొన్న మూడేండ్లకే, 1850 చట్టము క్రింద, వాని మాదిరిగా కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరములలో స్మాల్ కాజు కోర్టులు ఏర్పడినవి. మద్రాసులో నివసించిన తెలుగు వర్తకులకును, కూలీలకును ఈ కోర్టు సుపరిచితము. కట్టుబట్టలను, వంట పాత్రలను, చేతివృత్తుల వారి పనిముట్లను జప్తు చేయరాదను నియమము మన 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడులో కలదు. బాకీదారుని సివిల్ జైలులో నుంచు అధికారమును అందున్నది. కాని కేవలము బీదతనము వలన చెల్లింపలేని వానిని జైలులో వేయరాదని మన సుప్రీం కోర్టు 1980లో స్పష్టము చేసినది. మాంచెస్టరు పీఠము మీదనుండి పారీ లేవదీసిన ప్రశ్నయే మన దేశమునను ఎదురైనది.

క్వే వీథి మేడ నేడును నిలిచి యున్నది. సంరక్షిత కట్టడముల పట్టికలో దానికి స్థాన మున్నది. మాంచెస్టరు సివిలు వ్యాజ్యములకు 2007లో క్రొత్త భవనము వచ్చినది. 2014 ఏప్రిల్ 22 నుండి ఇంగ్లండు, వేల్సులలోని కౌంటీ కోర్టులన్నియు చట్టరీత్యా ఒకే కౌంటీ కోర్టుగా రూపొందినవి. దావాలు ఇప్పుడు యంత్రముల ద్వారా దాఖలగుచున్నవి. గుమాస్తా కలము, తోలు అట్టల లెడ్జరు పోయినవి. పుస్తకమును కాల్చుటకు మనిషి కావలెను, కొంత శ్రమయు కావలెను. యంత్రములోని దస్తరము ఎవరును శ్రమపడకయే మాయమగును. నేటి చిన్న బాకీల దస్తరములలో ఏవి నిలుపవలెనో నిర్ణయించువారు, 1846లో ఒక చట్టము గుమాస్తాను ప్రతి దావాను స్పష్టముగా వ్రాయు మని ఎందుకు శాసించెనో ఒక్కమారు తలచుకొనుట మంచిది. ఆ పంక్తులలో నున్నవారికి మరియొక చరిత్ర లేదు.